చదివినాకే సంతకం

మొన్న శుక్రవారం పొద్దున్నే దీపం పెట్టి లేస్తుంటే కుప్పం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. “అక్కా, పుంగనూరు పెద్దాయన పోయినాడంట.” లేచేదాన్ని మళ్ళీ దీపం ముందే కూర్చున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. పుంగనూరులో రిజిస్ట్రారాఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. చెవి మీద పెన్సిలు, జేబులో అరిగిపోయిన రబ్బరు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో చిన్న గీత గీసిపెట్టేవాడు. పని అయ్యాక ఆ గీత చెరిపి, పొట్టు ఉఫ్ అని ఊదేవాడు.

అమ్మ పోయిన కొన్నేళ్ళకు మా నాయన వీలునామా రాయకుండానే పోయాడు. చేను తన పేరు మీదికి మార్చుకోవాలని తమ్ముడు మా అక్కచెల్లెళ్ళను పిలిపించాడు. మా పక్క అదొక ఆచారం. తోబుట్టువులు హక్కు వదులుకుంటూ సంతకం పెడతారు, తమ్ముడు చీర, పసుపు కుంకుమ పెడతాడు. కాగితం ఎవరూ చదవరు. చదివితే తమ్ముడిని నమ్మనట్టు.

మదనపల్లె నుంచి నేను వెళ్ళాను. చెల్లెలు కుప్పం నుంచి వచ్చింది. మొగుడు వదిలేసిపోతే ఒక్క గది అద్దెకు తీసుకుని, మిషన్ కుట్టి కూతుర్ని చదివించుకుంటోంది. బస్టాండులోనే అనింది, “నువ్వు పెడితే నేనూ పెడతానక్కా. నాకేం తెలుసు.” గొడవ లేకుండా అయిపోతే చాలు స్వామీ అని దారి పొడుగునా మొక్కుకున్నదాన్ని నేను.

బల్ల దగ్గర తమ్ముడు ముందే చీరలు మా ఒళ్ళో పెట్టేశాడు. పెద్దాయన కాగితం నా చేతికిచ్చాడు.

“చదువు తల్లీ. గట్టిగా. నీ చెల్లెలికీ వినపడాల.”

“చదివేదేముందప్పా,” అన్నాడు తమ్ముడు. “పెండ్లి చేసి పంపిన ఆడబిడ్డలకు హక్కు యాడుండాది? ఊరికే సంతకం.”

“హక్కు లేకుంటే ఈళ్ళ సంతకం నీకు యాలప్పా? పక్కింటోళ్ళను పిల్చకరాలేదే!”

పక్క బల్లాయన నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు.

చదివాను. ‘నాకు గల హక్కును ఎవరి బలవంతమూ లేక, మనస్ఫూర్తిగా...’ అక్కడ ఆగిపోయాను. పక్కన చెల్లెలు ఒళ్ళో చీర అంచును మడుస్తూ విప్పుతూ ఉంది. నా సంతకం వెనకే దాని సంతకమూ పోతుందని అప్పుడు తట్టింది.

పెద్దాయన కాగితం వెనక్కి తీసుకున్నాడు.

“ఆడ ఆగినోళ్ళ చేత నేను సంతకం పెట్టించను. కూతురికి పెండ్లయిందా లేదా అని చట్టం అడగదమ్మా. కొడుకుతో సమానమే. ఇడిసిపెట్టేది నీ ఇష్టం. తెలీక మాత్రం ఇడిసిపెట్టొద్దు.”

రెండు గీతలూ రబ్బరుతో చెరిపి, కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు.

తమ్ముడు చీరలు తీసుకుని వెళ్ళిపోయాడు. ‘చీర చాలక చేను అడిగిందంట’ అని ఊళ్ళో ఆడవాళ్ళే అన్నారు. రెండేళ్ళు పట్టింది. పెద్దమనుషుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగి మోకాళ్ళు అరిగాయి. ఎప్పుడు పోయినా ఆయన ముందు టీ తెప్పించేవాడు. ఒకరోజు తనే చెప్పాడు. “మా చెల్లెలి చేత చదివించకుండానే ఏలిముద్ర ఏపిచ్చినా తల్లీ, నా చేతుల్తోనే. ఆ యమ్మ పోయేదాకా తన భాగం అడగలా. అడిగింటే బాగుండు.”

చివరికి మూడు భాగాలయ్యాయి. నా భాగం చెల్లెలికే రాసిచ్చాను. ఆ రోజూ ఆయన చదవమన్నాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆయన తల ఊపి గీత గీశాడు.

చెల్లెలు ఆ చేనులో ఇప్పుడు టమోటా పెట్టించింది. తమ్ముడు మాత్రం మా గడప తొక్కలేదు. గెలిచామని నాకెప్పుడూ అనిపించలేదు. అలసట తీరలేదంతే. పెద్దాయనకు మాత్రం రోజూ ఒక నమస్కారం.

మొదటి కాగితం మా దేవుడి గూట్లోనే ఉంది. శుక్రవారం ఫోను పెట్టేశాక తీసి దీపం దగ్గర పట్టుకుని చూశాను. గీతలు ఎప్పుడో పోయాయి. పెన్సిలు ఒత్తిన చోటు మాత్రం, వేలితో తడిమితే, ఇంకా తగులుతోంది.