అనటోల్ దారి అడిగాడంటే

అనటోల్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ ఊరు వచ్చినా కారు ఆపి దారి అడుగుతాడు. తెలియక కాదు. ముప్పై ఒక్క ఏళ్లు రహదారుల శాఖలో దారి చూపే బోర్డులు పాతి రిటైరైన మనిషి. ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అయినా సరే, తను పాతిన బోర్డు కిందే నిలబడి, "బెల్వియాక్‌కు ఎటండీ?" అంటాడు.

ఏటా జూన్‌లో భార్య సొలాంజ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పద్నాలుగు రోజులు పల్లెల వెంట తిరిగేవాడు. పెద్ద రోడ్డు ఎక్కుదామంటే, "అక్కడ అడగడానికి మనిషేడీ?" అనేవాడు. పోనీ తెలిసినవాళ్లను అడుగుతాడా? పోస్టుమ్యాన్‌ను అడగడు, పోలీసును అడగడు. బెంచీ మీద కూర్చున్న ముసలాళ్లే కావాలి. ఆయన అడుగుతున్నంతసేపూ సొలాంజ్ సిగ్గుతో అల్లిక మొహానికి అడ్డం పెట్టుకునేది. అలా అల్లిన స్వెటర్లతో ఒక అలమరా నిండింది.

ఆ ఏడు పద్నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం బెల్వియాక్‌లో సొలాంజ్ అక్క లూసెట్ ఇంట్లో భోజనం. ఏడేళ్ల కిందట లూసెట్ కూతురి పెళ్లి విందుకు వీళ్లు మూడు గంటలు ఆలస్యంగా వెళ్లారు. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. సొంతింటికి వెళ్లే దారి బెల్వియాక్ మీదుగానే అయినా, ఆ ఊరు దాటేటప్పుడు కారు అద్దాలు ఎత్తేసేవారు. ఆ ఏడు వసంతంలో లూసెట్ నుంచి ఉత్తరం వచ్చింది: "పన్నెండున్నరకు వడ్డిస్తాను. వస్తే రండి."

అంతటి రాజీకి అనటోల్‌ను వెంటబెట్టుకుని బయలుదేరడం, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమే.

"ఇవాళ ఒక్కరోజు ఎవరినీ అడక్కు" అంది సొలాంజ్, పళ్ల టార్టు ఒళ్లో పెట్టుకుని.

"ఛ, ఛ! ఎందుకడుగుతాను?" అన్నాడు. పదిన్నరకు వెర్నాస్‌లో బెంచీ కనబడగానే కారాపాడు.

బెంచీ మీద ఇద్దరు తాతలు.

"కాలిపోయిన పిండిమర దగ్గర ఎడమకు తిరుగు బాబూ."

"మర ఎలా ఉంటుందండీ?"

"ఉంటే కదా! కాలిపోయిందన్నానుగా."

"నీ మొహం!" అన్నాడు రెండో తాత. "మార్సెల్ ఆవు చచ్చిన మలుపు చెప్పు, చాలు."

"ఏ ఆవు? తెల్లదా, మచ్చలదా?"

అంతలో చర్చి నుంచి మేయరుగారు వచ్చారు. దారి సమస్య పురపాలక సంఘం దృష్టిలో ఉందనీ, దానిమీద ఉపసంఘం వేశామనీ, ఆ ఉపసంఘం కూర్చునే గదికి దారెటో తేలడం లేదనీ సెలవిచ్చారు.

"బోర్డు నీ నెత్తి మీదే ఉంది!" అని అరిచింది సొలాంజ్ కారులోంచి.

"దాన్ని నమ్మకమ్మా. ఎవడో చవట పాతాడు" అన్నాడు మొదటి తాత.

"చవటేనండీ" అన్నాడు అనటోల్ ఎంతో వినయంగా.

తరవాత రెండు ఊళ్లలోనూ ఇదే తంతు. పన్నెండు కొట్టేసరికి సొలాంజ్ ఓపిక అయిపోయింది.

"దిగు. నేను నడుపుతాను."

ఇంక పదకొండు కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది లస్కూర్ ఒక్కటే. ఎనిమిది ఇళ్లు, ఏడింటి తలుపులకు తాళాలు. ఎనిమిదో ఇంటి ముందు ఒక ముసలామె కుర్చీ వేసుకుని కూర్చుంది. కారు చూడగానే లేచింది. గబగబా ఏప్రన్ విప్పేసి జుట్టు సవరించుకుంది.

అనటోల్ ఆపమనలేదు. పద్నాలుగు రోజుల్లో తొలిసారి నోరు మూసుకుని తన మోకాళ్లు చూసుకుంటున్నాడు.

సొలాంజ్ కారు దాటించేసింది కూడా. ఇరవై గజాలు పోయాక ఏం తోచిందో, తిట్టుకుంటూ వెనక్కి పోనిచ్చి, తల బయట పెట్టింది.

"బెల్వియాక్‌కు ఎటమ్మా?"

"ఈ ఏడు ఇంత ఆలస్యమా! ఈస్టర్ నుంచీ చూస్తున్నాను." ముసలామె సొలాంజ్ చెవి దగ్గరకు వంగి గొంతు తగ్గించింది. "మీ ఆయన మంచివాడమ్మా. కాకపోతే దారి బుర్రకెక్కదు. ఆరేళ్లుగా ఇదే ఊరు అడుగుతున్నాడు. రేపు నేను పోతే ఇక్కడ చెప్పేవాళ్లెవరు? ఏమైపోతాడో పాపం. అందుకే గీసిపెట్టాను."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. రంగు పెన్సిళ్లతో చర్చి, బావి, ఒక కుక్క. కుక్క పక్కన 'కరుస్తుంది' అని రాసి ఉంది.

సొలాంజ్ మొగుడి వైపు తిరిగింది. "ఆరేళ్లుగానా?"

"చాలా బాగా చెబుతుంది" అన్నాడు అనటోల్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఊరి చివర రోడ్డు చీలింది. బెల్వియాక్ కుడివైపు. కాగితం ఎడమకు తిరగమంది. అద్దంలో చూస్తే ముసలామె నడిరోడ్డు మీద నిలబడి, సరిగ్గా తిరుగుతారో లేదోనని చూస్తోంది.

సొలాంజ్ గడియారం చూసుకుంది. ఎడమకు తిప్పింది.

కుక్క నిజంగానే టైరు కరిచింది.

బెల్వియాక్ చేరేసరికి ఒంటిగంటంబావు. లూసెట్ నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మళ్లీ దారి అడిగాడా?"

"ఆయన కాదక్కా. నేనడిగాను."

"నువ్వా!" లూసెట్ చెల్లెలిని ఎగాదిగా చూసింది. "సరిగ్గా చెప్పారా?"

"తప్పు చెప్పింది. కానీ ఎంత శ్రద్ధగా చెప్పిందనుకున్నావ్!"

లూసెట్ కాసేపు పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడం చేతకాక పక్కకు తప్పుకుని దారిచ్చింది. "మాంసం మాడింది. రండి, కూర్చోండి."

"బాగా మాడిన ముక్క ఆయనకే వెయ్యి" అంది సొలాంజ్ కుర్చీ లాక్కుంటూ.