చుక్క పొడిచేదాకా

ఆ కార్తీక సోమవారం సాయంత్రం ద్రాక్షారామం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ప్రొటీన్ పౌడరు డబ్బా ఉంది. భర్త బండి మీంచి పడ్డారట. తలకి ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు గానీ ఇంకా తెలివి రాలేదు.

"ముక్కు గొట్టంలోంచే ఆహారమండి. రెండు గంటలకోసారి ఈ పొడి పాలల్లో కలిపి పొయ్యమన్నారు. అయినా మనిషి చిక్కిపోతున్నారు. ఎందుకో డాక్టరు గారికే అంతుపట్టట్లేదు."

రామచంద్రపురం దాటాక ఆవిడ మాటిమాటికీ కిటికీలోంచి పైకి చూడసాగింది. ఆకాశమంతా మబ్బు.

"చుక్క పొడిచిందేమో చూస్తారా అండి? నాకు చూపు ఆనదు."

పాపం, పొద్దుటినుంచీ ఉపవాసం ఉందనుకుని సంచిలోంచి అరటిపండు తీశాను. చుక్క కనబడగానే తింటుందని.

"నాకొద్దండి, షుగరు. అన్నం తినే బయల్దేరాను. ఉపవాసం ఆయనకి."

అరటిపండు నా చేతిలోనే ఉండిపోయింది.

"సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు, ఏదీ తప్పేవారు కాదండి. రేపు లేచి, నా నియమం ఎందుకు చెడగొట్టావంటే ఏం చెప్పను? నేను ఫోన్ చేసేదాకా నీళ్లు తప్ప ఏం పొయ్యొద్దని మా అమ్మాయికి చెప్పాను."

"డాక్టరు గారికి తెలుసా?"

"దేవుడి సంగతి ఆయనకెందుకండి?"

దూరంగా రైసు మిల్లు మీద లైటు వెలిగింది.

"అదిగోనండి చుక్క," అన్నాను.

ఆవిడ అటు తిరిగి దణ్ణం పెట్టుకుని ఫోన్ తీసింది. "అమ్మాయ్, చుక్క వచ్చింది. నాన్నకి పాలు పొయ్యి."

మళ్లీ శనివారం వస్తుందన్న మాట ఆవిడ దిగిపోయాక గానీ నాకు గుర్తురాలేదు.