ఎడమచేతి కత్తెర

ఇరవై రెండేళ్లుగా ఒక కత్తెరను నాదని చెప్పుకుంటున్నాను. అది నాది కాదు. ఆ అబద్ధాన్ని ఎలా మోశానో మీకు చెబుతాను గాని, కన్నీళ్లు పెట్టుకుంటానని మాత్రం ఎదురుచూడకండి.

బరంపురంలో పార్వతి అక్క కొట్లో జాకెట్లు కుట్టడం నేర్చుకునేదాన్ని. నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు దెబ్బలు తిని తిని అన్నం తినడం, రాయడం కుడిచేతికి మార్చుకున్నాను. కత్తిరించడం మాత్రం ఆ చేతికి రాలేదు. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే రేకులు రెండూ దూరం జరుగుతాయి, బట్ట మధ్యలో మడతపడుతుంది, సుద్దగీత రేకు చాటుకు పోతుంది. ఎన్ని జాకెట్ల మెడలు పాడుచేశానో. నా చెయ్యే చెడ్డదనుకున్నాను.

అక్క భర్త సూరత్‌లో మిల్లు పని చేసేవాడు. సెలవుకు వస్తూ ఒకసారి పెద్ద కత్తెర తెచ్చాడు. అది ఎడమచేతివాళ్ల కోసం చేసిందని ఆయనకూ తెలియదు, అక్కకూ తెలియదు. రెండు రోజులు వాడి, గుడ్డ నములుతోందని విసుక్కుని సొరుగులో పడేసింది.

మధ్యాహ్నం ఆవిడ భోజనానికి వెళ్లినప్పుడు తీసి చూశాను. బొటనవేలి కన్ను నా వేలిని కొలిచి చేసినట్టు ఉంది. పాత లైనింగు ముక్క మీద గీత గీసి కోశాను. గీత కనిపించింది. మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తూనే ఉంది. మెడ వంపు దగ్గర చెయ్యి ఆగకుండా తిరిగింది. నాలాంటివాళ్లు కూడా ఉంటారని ఎక్కడో ఎవరో ఆలోచించి, రేకులు తిరగేసి, ఈ వస్తువు చేశారన్నమాట. ఇరవై ఏళ్లొచ్చాక, నా చేతిలో తప్పేమీ లేదని నాకు తెలిసింది ఆ పూటే.

అడగొచ్చు కదా అంటారా? అడిగాను. ఎడమచేత్తో కొత్త బట్ట కోస్తే బేరానికి అరిష్టమని, దాన్ని ముట్టుకోవద్దని అక్క కసిరింది. మర్నాడు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.

దీనికి నేను సిగ్గుపడను. సొరుగులో తుప్పు పట్టడానికి ఎవరూ అంత శ్రద్ధగా కత్తెర చెయ్యరు. మళ్లీ ఆ రోజొస్తే మళ్లీ తీస్తాను.

అయితే ఇన్నాళ్లూ నన్ను తినేస్తున్నదేమిటి?

సోనేపూర్ నుంచి కుమారి అనే అమ్మాయి బస్సులో వచ్చి మాతో నేర్చుకునేది. జాలర్ల పిల్ల. నా పక్క మిషను ఆమెది. అక్క భర్త సూరత్‌కు తిరుగు ప్రయాణమవుతూ ఆ కత్తెర మార్చి తెస్తానంటే అక్క సొరుగు తీసింది. కత్తెర లేదు. ఆ వారం కుమారి రెండు రోజులు రాలేదు. అనుమానానికి అది చాలింది; నేను అడిగిన సంగతి అక్కకు గుర్తే రాలేదు.

"నువ్వేనేటే తీసింది? నిజం సెప్పు," అంది అక్క.

కుమారి ఏడవలేదు. నావైపు తిరిగింది. "అక్కా, రోజూ నా పక్కనే కూకుంటావు కదా. నువ్వు సెప్పు. నాను తీసేనేటి?"

"నాకేటి తెలుసు," అన్నాను.

తల వంచుకుని కుట్టుకుంటూ పోయాను. కుమారి తన టేపు, బాబిన్ల డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. జాకెట్లకు చేతులు అతకడంలో నాకంటే నేర్పరి.

ఇప్పుడు నాకో కొట్టుంది. మెడ కోతకు పేరుంది. కత్తెర ఎక్కడిదంటే మా మేనమామ ఇచ్చాడంటాను. సోనేపూర్ నుంచి జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఒకావిడను ఓసారి ఊరికే అడిగినట్టు అడిగాను. కుమారి ఎండుచేపలు అమ్ముతోందట. మిషను జోలికే పోలేదట.

బస్సెక్కితే వెళ్లొచ్చు. ఎందుకు వెళ్లలేదు? తిడుతుందని కాదు. కత్తెర తియ్యడమే తప్పంటుందేమో, అప్పుడు నేను ఆమెతోనే వాదనకు దిగుతానేమోనని భయం. నా సంగతి నాకు తెలుసు.

దొంగని అనండి, పడతాను, పడి కూడా తియ్యడం తప్పని ఒప్పుకోను. కాని ఆ "నాకేటి తెలుసు" ఉందే, దాన్ని ఏ వైపు నుంచి చూసినా వెనకేసుకురాలేకపోతున్నాను. భయం వల్ల అన్నానా? లేక కుమారి పోతే పోనీ, కత్తెర మిగిలితే చాలనుకున్నానా? రెండోదే అనుకుంటాను.

కత్తెర తీసింది నేను. కుమారి కాదు. పార్వతి అక్క కొట్లో, అందరి ముందూ అనాల్సిన మాట. ఇక్కడ అంటున్నాను.