అక్క దండెం మీద నా పందెం

పదకొండేళ్లు ముంబైలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో కూర్చుని కంపెనీలను పొగిడాను. వాటాలు అమ్ముకోవాలనుకున్న కంపెనీ మా దగ్గరికి వచ్చేది. దానికి లేని గుణాలన్నీ ఎనభై పేజీల్లో వర్ణించి ఇచ్చేవాణ్ణి. పెళ్లిళ్ల పేరయ్యకు కోటు తొడిగితే నేనే. ఆ తర్వాత ఒక హెడ్జ్ ఫండ్ వాళ్లు పిలిచారు. ధనవంతుల డబ్బుతో ఏ షేరు పెరుగుతుందో, ఏది పడుతుందో పందెం కాసే చోటు. అక్కడ పొగడనక్కర్లేదట, నిజం కనిపెడితే చాలట. నిజంతో నాకు పెద్దగా పరిచయం లేదు. అయినా ఒప్పుకున్నాను.

పాత బ్యాంకు రహస్యాలు పాతబడేదాకా కొత్త చోట చేరనివ్వరు, జీతమిచ్చి మూడు నెలలు ఊరికే కూర్చోబెడతారు. ఆ మూడు నెలలూ బస్తరు ఇనుపగనుల ఊరు కిరండూల్లో మా అక్క ఇంట్లో గడిపాను. నేను పెరిగింది ఆ రైల్వే క్వార్టర్లోనే. అమ్మానాన్నలు పోయాక నన్ను చదివించింది అక్కే. బావ ఇనుపరాయి గూడ్సు బండి నడుపుతాడు.

“పని సెయ్యకుండా జీతమా? మాకు మూడ్రోజులు సెలవు గావాలంటే ముగ్గురి కాళ్లు పట్టుకోవాల,” అన్నాడు బావ. ఆయన చూపులో గౌరవం లేదు, కుళ్లు కూడా లేదు. జాలి మాత్రం ఉంది.

కిరండూల్లో బట్టలు ఉతకడం తేలిక, ఆరెయ్యడమే కష్టం. రాయి లోడింగు జోరుగా ఉన్న రోజు వాకిట్లో ఆరేసిన తెల్లచొక్కా ఎర్రదుమ్ము పట్టి సాయంత్రానికి ఇటుక రంగుకొస్తుంది. లోడింగు ఆగిన రోజు తెల్లగానే ఉంటుంది. చిన్నప్పుడు అలాంటి చొక్కాలే వేసుకుని బడికి వెళ్లినవాణ్ణి, ఇందులో విశేషమేమీ కనబడలేదు. ఇప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. బస్తరు ఇనుము కదులుతోందో లేదో దేశంలో అందరికంటే ముందు తెలిసేది మా అక్క దండేనికే.

ముంబైలో చేరిన రోజే మేనేజరు చల్లగా చెప్పాడు: ఆరు వారాల్లో నాదంటూ ఒక పందెం గెలిచి చూపించాలి, లేదంటే ఎవరి దారి వాళ్లది. రూల్సు చూసే ఆవిడ ఇంకోటి చెప్పింది: రైల్వేలో పనిచేసే బావను బండ్ల గురించి ఒక్క ముక్క కూడా అడగకూడదు. దండేల గురించి ఆవిడ రూల్సులో ఏమీ లేదు.

రోజూ పొద్దున్న ఎనిమిదికి ఫోను చేసేవాణ్ణి.

“అక్కా, నిన్నటి బట్టలెలా ఉన్నాయి?”

“ఎర్రగైపోనాయిరా.”

బ్యాంకులో ఉన్నన్నాళ్లూ పండక్కో ఫోను చేసిన తమ్ముడు, ఇప్పుడు రోజూ బట్టల సంగతి కూడా కనుక్కుంటున్నాడని అక్క వీధంతా చెప్పుకుందట.

నాలుగో వారం నుంచి బట్టలు తెల్లబడ్డాయి. వరసగా పన్నెండు రోజులు తెల్లగా, మల్లెపూల్లా. రాయి ఆగిపోయిందన్నమాట. రాయి లేకపోతే ఉక్కు లేదు. ఒక ఉక్కు కంపెనీ షేరు కుప్పకూలుతుందని పందెం కాయించాను. ఎలా తెలుసని అడిగితే “స్థానిక వర్గాలు” అన్నాను, గంభీరంగా.

షేరు కూలలేదు. వారం రోజుల పాటు ఆపకుండా పెరిగింది. మేనేజరు కేకలు వెయ్యలేదు, నా ఐడీ కార్డు కోసం చెయ్యి చాపాడంతే.

రోడ్డు మీదకొచ్చి అక్కకు ఫోను చేశాను. కోపం అక్క మీదే, ఇంకెవరి మీద చూపించను? బావ ఎత్తాడు.

“ఆస్పత్రిలో ఉన్నాం. మీ యక్కకి ఎక్సరే తీస్తన్నారు. వాకిట్లో జారిపడి సెయ్యి ఇరిగింది కదా, మూడు వారాలవుతాది. నీకు సెప్పనేదా?”

“మరి బట్టలు?”

“నానే ఉతికి గదిలో ఫ్యాను కింద ఆరేస్తన్నాను. బైటేస్తే మళ్లీ ఉతకాల. ఈ మద్దిన రేయింబగలు లోడింగే, ఊపిరాడ్డం లేదు.”

అక్క ఫోను తీసుకుంది. “కొత్త ఉజ్జోగం కదా, కంగారు పడతావని సెప్పనేదు. తెల్లగున్నాయంటే నీ గొంతు హుషారుగుండీది, అందుకే అదే సెప్పీదాన్ని. అబద్దం కాదులే, తెల్లగానే ఉన్నాయి.”

నెల పైగా రోజూ ఫోను చేసి చొక్కాల క్షేమం కనుక్కున్నాను. చొక్కాలు ఉతికే మనిషి ఎలా ఉందని ఒక్కసారైనా అడగలేదు. ఉద్యోగం పోయిన సంగతి చెప్పకుండానే ఫోను పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికి అలవాటుగా చేశాను.

“చెయ్యెలా ఉందక్కా?”

“ఏట్రా,” అంది అక్క మెల్లగా, “ఉజ్జోగం పోనాదేటి?”