వాట్‌గంజ్‌కి వచ్చిన కాగితపు లాంతరు

నారాయణమ్మ మొగుడు కూర్మయ్య పోయాడని కలకత్తా వాట్‌గంజ్ తెలుగు బస్తీలో ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ ఓడల డాకులో కూలీగా చేరిన కూర్మయ్య, తర్వాత సరుకు పడవల మీద ఖలాసీ అయ్యాడు. గంగ సముద్రంలో కలిసే మొగలో ఆగిన ఓడకి సరుకు చేరవేస్తుండగా గాలివానకి పడవ తిరగబడింది. మిగతావాళ్లని గంగ ఏదో ఒక ఒడ్డుకి అప్పజెప్పింది, కొందరిని ప్రాణంతో, కొందరిని ప్రాణం లేకుండా. కూర్మయ్య మాత్రం ఏ రకంగానూ రాలేదు. "సవాన్ని సూపించండి, అప్పుడేడుస్తాను" అంది నారాయణమ్మ. చూపించేదెవరు? ఆవిడ ఏడవనూ లేదు, బొట్టు చెరపనూ లేదు.

కబుర్లకేం, బోలెడు వచ్చాయి. పారాదీప్ రేవులో టీ తాగుతుంటే చూశానని ఒకడు, చిట్టగాంగ్‌లో ఇంకో సంసారం పెట్టాడని ఇంకొకడు. రెండో కబురు తెచ్చినవాడికి కూడా నారాయణమ్మ అన్నం పెట్టే పంపింది. ఎవరితో ఉంటేనేం, ఉంటే చాలనుకుంది పిచ్చిది.

ఇలా ఏళ్లు గడిచిపోయాయి. ఈసారి మాత్రం మరిది బైరాగి గట్టిగా పట్టుకున్నాడు. బైరాగి కూతురు భానుమతి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ముత్తయిదువులు పసుపు దంచాలి. ఇంటికి పెద్దకోడలు నారాయణమ్మ రోకలి పట్టుకోవచ్చా, కూడదా? బస్తీలో ఆడవాళ్లు ఈ ముక్కే గుసగుసలాడుకుంటున్నారు. మనిషి కనబడకుండా పన్నెండేళ్లు దాటితే దర్భలతో బొమ్మ చేసి, దానికే దహనం చేసి, కర్మ జరిపించడం ఆచారం. ఆ గడువు ఎప్పుడో దాటింది.

"ఒదినా, ఇంక సాలు. అన్నకి సెయ్యాల్సింది సేసీద్దాం" అన్నాడు బైరాగి. ఎదుట నిలబడి అనే ధైర్యం లేక గుమ్మం బయటినుంచే అన్నాడు.

"బతికున్నోడికి గెడ్డిబొమ్మ సేసి తగలెడతావేట్రా? నువ్వు నిక్కరేసుకున్నప్పుడు నాను కాపరానికొచ్చినాను. నీకు ముద్దలు కలిపి పెట్టిన సెయ్యిరా ఇది. ఈ సేతి గాజులు పగలగొట్టడానికి నీకంత తొందరేటి?"

బైరాగి తల వంచుకుని వెళ్లిపోయాడు. నారాయణమ్మ నోటిముందు నిలబడ్డవాడు బస్తీలో లేడు.

ఆవిడ భవానీపూర్‌లో ఒక జపాను ఆవిడకి వంట చేసేది. పేరు హరుయే. పెళ్లి లేదు, యాభై దాటింది, కలకత్తాలో పాట నేర్చుకుందామని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఇద్దరూ బెంగాలీలోనే మాట్లాడుకునేవారు. ఇద్దరిదీ అరువు భాషే కాబట్టి తప్పులు పట్టేవాళ్లు లేరు. నారాయణమ్మ ఎండుచేపలు వేయిస్తే ఇంటిగలవాళ్లు ముక్కు మూసుకుని కిటికీలు బిగించేవారు. హరుయే మాత్రం పళ్లెం పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడేది. స్నేహం అక్కడ కుదిరింది.

శ్రావణమాసంలో ఒకరోజు హరుయే అంది: "సాయంత్రం ఢాకురియా లేక్ దగ్గర మా వాళ్ల పండగ ఉంది, దిదీ. కాగితం లాంతర్ల మీద పేర్లు రాసి నీళ్లలో వదులుతాం. నువ్వూ రా."

నీళ్లలో దీపాలంటే నారాయణమ్మకి వేరే చెప్పక్కర్లేదు. కార్తీకం వెళ్లగానే బస్తీ ఆడవాళ్లంతా తెల్లారకుండా ఘాట్‌కి పోయి అరటిదొప్పల్లో దీపాలు వదలరూ? దీపం వదిలితే ఇంటికి మంచిది. పేరు కూడా రాస్తారట. ఇంకేం, మొగుడి పేరు రాయించి, తొందరగా వచ్చెయ్యమని దండం పెట్టుకోవచ్చు. తలంటి పోసుకుంది. కాళ్లకి పసుపు రాసుకుంది. రూపాయికాసంత బొట్టు పెట్టుకుని, గాజులు నిండుగా వేసుకుని, పెళ్లిపిలుపుకి బయల్దేరినట్టు బయల్దేరింది.

లేక్ ఒడ్డున జనం బాగానే ఉన్నారు. జపాను వాళ్లు, బెంగాలీ వాళ్లు, వేరుశనక్కాయలు అమ్మేవాళ్లు. గుండు చేయించుకున్న పంతులుగారొకాయన చిన్న డోలు వాయిస్తూ మంత్రం చదువుతున్నాడు. చెక్కముక్క మీద నాలుగువైపులా కాగితం గోడలు, మధ్యలో కొవ్వొత్తి. అంతే లాంతరు. హరుయే కుంచె తీసుకుని "ఎవరి పేరు?" అని అడిగింది. "కూర్మయ్య" అంది నారాయణమ్మ, సిగ్గుపడుతూ. హరుయే తన అక్షరాల్లో నిలువుగా రాసింది.

"ఇది వదిలితే ఎన్నాళ్లకి వస్తాడు?"

హరుయే కుంచె పక్కన పెట్టింది. "రావడానికి కాదు, దిదీ. పోయినవాళ్లు ఈ పండక్కి ఇంటికొస్తారు. నాలుగురోజులు ఉంటారు. తిరిగి వెళ్లేటప్పుడు దారి కనబడాలని ఈ దీపం."

నారాయణమ్మ లాంతరుని లాక్కుని గుండెకి అదుముకుంది. "మా ఆయన పోలేదు" అంది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత పసుపూ ఇంత కుంకుమా పెట్టుకుని, ఇందుకా తాను వచ్చింది?

హరుయే తొందరపడి ఓదార్చలేదు. ఒడ్డున తడిగడ్డి మీద కూర్చుని, ఆవిడనీ కూర్చోబెట్టుకుంది.

"మా నాన్న యుద్ధం ఓడలో వెళ్లాడు. తర్వాత సర్కారువాళ్లు ఒక పెట్టె పంపారు, ఎముకలని. విప్పితే లోపల చిన్న రాయి ఉంది. మా అమ్మ ఆ రాయిని పూడ్చనివ్వలేదు. ఏటా పండక్కి గుమ్మంలో మంట వేసి రమ్మని పిలిచేది, అన్నం పెట్టేది. పంపే దీపం మాత్రం ఒక్కసారి కూడా వదల్లేదు. ముసలిదయ్యాక ఒకరోజు నాతో అంది: పాపం, ఈ మనిషిని ఇన్నేళ్లూ నా గుమ్మంలోనే నిలబెట్టేశానే."

నారాయణమ్మ నీళ్లవైపు చూసింది. లాంతర్లు ఒక్కొక్కటీ నీళ్లమీదికి వెళ్తున్నాయి. కూర్మయ్య డాకునుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచేటప్పటి మొహం గుర్తొచ్చింది. ఆ మొహం చూస్తే నీళ్లచెంబు ఇవ్వడానికి ఒక్క నిమిషం ఆలస్యం చేసేది కాదు తను. అలాంటి మనిషిని ఇన్నేళ్లపాటు చీకట్లో నిలబెట్టిందేమో. చచ్చిపోయాడన్న మాట కన్నా ఆ ఊహే ఆవిడకి ఎక్కువ బాధ కలిగించింది.

"అక్కడ పెట్టు, దిదీ, వెలిగిస్తాను" అంది హరుయే మెల్లిగా.

"ఇక్కడ కాదు. ఇంటికే రానివాణ్ణి ఎలా పంపుతాను?" అంది నారాయణమ్మ.

లాంతరుతోనే బస్సెక్కింది. చినుకులు పడుతుంటే పైట కప్పింది. "ఏంటది మాషీ, పిట్టల పంజరమా?" అన్నాడు కండక్టరు. జవాబు చెప్పలేదు. నారాయణమ్మ జవాబు చెప్పకపోవడం ఖిదిర్‌పూర్ బస్సుల్లో అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఇంటికొచ్చి గుమ్మంలో వెలిగించింది. బస్తీలో కరెంటు పోయింది, అది మామూలే. గల్లీ అంతటికీ అదొక్కటే వెలుగు. కూర్మయ్యకి ఇష్టమని చింతపండు వేసి చేపల పులుసు పెట్టింది. పీట వేసి వడ్డించింది. పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఇన్నేళ్ల సంగతులూ చెప్పింది. భానుమతి పెళ్లి సంగతీ చెప్పింది. చిట్టగాంగ్ సంసారం గురించి మాత్రం నిలదీసి అడిగింది. బైరాగి పెళ్లాం అప్పలకొండమ్మ తలుపు వారగా చూసి, నోరు మూసుకుని వెనక్కి వెళ్లిపోయింది. అప్పలకొండమ్మ నోరు మూసుకుందంటే అది మామూలు విషయం కాదు.

మర్నాడు పొద్దు వాలే వేళకి నారాయణమ్మ బైరాగిని పిలిచింది. "ఘాట్‌కి పద. మీ అన్నని పంపాల." బైరాగి వెనకే నడిచాడు.

గంగ పోటు మీద ఉంది. నీళ్లు హౌరా వైపు ఎగదన్నుతున్నాయి. ఇప్పుడు వదిలితే దీపం సముద్రం వైపు కాక ఊళ్లోకి పోతుంది. డాకు పెళ్లాలకి ఆ మాత్రం తెలుసు. ఇద్దరూ మెట్లమీద కూర్చుని ఆటు కోసం చూశారు. పోటు ఆగింది, నీరు కాసేపు ఎటూ కదలకుండా నిలిచింది, తర్వాత మెల్లిగా దక్షిణానికి తిరిగింది. నారాయణమ్మ కొవ్వొత్తి వెలిగించి లాంతరు అందించింది. బైరాగి మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు.

దిగినవాడు అలాగే నిలబడిపోయాడు. లాంతరు నీళ్లమీద పెట్టాడు గానీ చెయ్యి తియ్యలేదు. గడ్డిబొమ్మ చేద్దాం, దహనం చేద్దామని ఇన్నాళ్లూ వెంటపడ్డ మనిషి భుజాలు ఎగరేస్తూ ఏడుస్తున్నాడు. "ఒదినా, నా వల్ల కాదే. ఇంకొన్నాళ్లు సూద్దామే. పారాదీప్‌లో సూసినోణ్ణి మళ్లీ అడుగుతానే" అన్నాడు.

నారాయణమ్మ చీర ఎత్తికట్టకుండానే నీళ్లలోకి దిగింది. మరిది వేళ్లని ఒక్కొక్కటిగా చెక్క మీంచి విడదీసింది.

"కడుపునిండా తిన్నాడురా, బైరాగీ. ఎల్లనీ."