నల్ల కారు మీద గీతలు

పాతికేళ్లు దాటింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. పైకి చూస్తే చాలా చిన్న విషయం. మరి ఇన్నేళ్లుగా ఇంత బరువెందుకు? ఎవరూ నన్ను నిలదీయలేదు. అనుమానంగా చూసినవాళ్లు కూడా లేరు. బహుశా అందుకే. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పేస్తున్నాను.

తొంభైల మొదట్లో మద్రాసు వదిలి వచ్చి ఫిల్మ్ నగర్‌లో అద్దెకుండేవాణ్ణి. డబ్బింగ్ చెప్పేవాణ్ణి. విలన్ వెనకాల నిలబడేవాళ్లలో సగం మందికి నాదే గొంతు. నా ముఖం మాత్రం ఎవరికీ తెలీదు. నాకున్న ఒకే ఒక్క దర్జా, ముదురు మెరూన్ రంగు పాత కారు.

నర్సింగ్ షేక్‌పేట మనిషి. షూటింగులకు పాత కార్లు కిరాయికిచ్చేవాడు. అలాగే పరిచయమై, తమ్ముడిలా కలిసిపోయాడు. ఆ కార్లలో ఒక నల్లదంటే అతనికి ప్రాణం. ఊళ్లో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారనీ, అన్నిటికన్నా బాగా మెరిసే బండికి ప్రత్యేకంగా కప్పు ఇస్తారనీ తెలిసిన రోజు ఇద్దరం రోడ్డు మీదే గంతులేశాం. జూబ్లీహిల్స్‌లో అతనికున్న ఖాళీ ప్లాటులో రేకుల షెడ్డు వేసి, రెండు కార్లనూ పక్కపక్కనే నిలబెట్టాం.

ఆ సంబరం ఎలా చెప్పను! కోటు మీద కోటు రంగు కొట్టించి, బాగా ఆరనిచ్చి, సబ్బునీళ్లలో తడిపిన వాటర్ పేపర్‌తో, అంటే సన్నటి గరుకు కాగితంతో, రుద్దడం మొదలుపెట్టాం. రుద్దగానే మెరుస్తుందనుకుంటారు మీరు. మెరవదు. ముందు కారంతా బూడిద పూసినట్టు వెలిసిపోతుంది. అది చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ. తర్వాత ఇంకా మెత్తటి పేపరు, దాని తర్వాత కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద, చివర్న మైనం. అరచేతంత మేర రుద్ది గుడ్డతో తుడిచానో లేదో, అబ్బ! రంగు అడుగు నుంచి వెలుగు పైకి తన్నుకొచ్చింది. పైన రేకులకున్న మేకులు కూడా అందులో లెక్కపెట్టుకోవచ్చు. నేను కేక పెట్టాను. నర్సింగ్ ఈల వేశాడు.

మాతోపాటు ఇంకొకరు కూడా ఉండేవారు. అతని భార్య యాదమ్మ. పాత నూలు ధోతులు చింపి, వేడినీళ్లలో ఉతికి, మెత్తటి గుడ్డలు చేసి తెచ్చేది. తల పక్కకు వంచి చూసి, మసకగా ఉన్న చోటు మా ఇద్దరికన్నా ముందే పట్టేసేది. మెరుపు వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. చుట్టూ ఇళ్ల కోసం బండలు పగలగొడుతుండేవారు. ఆ రాతిపొడి లోపలికి రాకుండా తలుపుకి తడి దుప్పటి కట్టిందీ ఆమే.

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం రెండు కార్లూ సిద్ధం. నాది బాగుంది. అతనిది... ఎలా చెప్పాలి? నలుపుకి లోతుంటుందని అప్పుడే తెలిసింది. దాని ముందు నా మెరూన్ కొత్తగా రంగేసిన తలుపులా ఉంది. కప్పు అతనిదేనని చూడగానే అర్థమైపోయింది.

చివరిసారి తుడుస్తానని గుడ్డ ఇమ్మన్నాడు నర్సింగ్. యాదమ్మ తెచ్చిన మూటలోంచి తీసి ఇవ్వబోతుంటే చేజారి గుమ్మం దగ్గర పడింది. అక్కడ రాతిపొడి ఉంది. గుడ్డకు అంటుకోవడం చూశాను. మూటలో ఇంకా మంచి గుడ్డలున్నాయి. నేను ఆ గుడ్డనే తీసి, పొడి కనపడకుండా మడిచి, అతని చేతికిచ్చాను.

ఆ క్షణంలో ఏమీ ఆలోచించలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆలోచించనివాడు పొడిని లోపలికి మడుస్తాడా?

షెడ్డు నీడలో ఏమీ తెలియలేదు. మర్నాడు మైదానంలో ఎండ పడగానే నల్ల కారు నిండా సాలెగూడులా సన్నటి గీతలు. న్యాయనిర్ణేత వంగి చూసి, ముందుకు నడిచాడు. కప్పు నాకిచ్చారు. మైకులో నా పేరు చదివారు. ఫోటోలు తీశారు. నిజం చెప్పాలి, ఆ కాసేపు నా కాళ్లు నేల మీద లేవు.

వేదిక దిగి వచ్చేసరికి నర్సింగ్ అందరి ముందూ భార్య మీద విరుచుకుపడుతున్నాడు.

"గుడ్డలు ఏడ ఆరేసినవే? మట్టిల ఆరేసినవా?"

"దండెం మీదనే ఆరేసిన. మట్టి ఎట్ల వస్తది?" అంటూ యాదమ్మ నా వైపు తిరిగింది. "అన్నా, మీ బండికి గూడ గవే గుడ్డలు కదా? మరి దానికెందుకు గీతలు పడలే?"

నన్ను అనుమానించి అడగలేదు. నిజంగా అర్థం కాక అడిగింది.

"నలుపు కదమ్మా," అన్నాను. "గుడ్డలో ఏ కాస్త మట్టి మిగిలినా గీతలు కనిపించేస్తాయి."

గొంతు వణకలేదు. ఎంతమంది దుర్మార్గులకు అరువిచ్చిన గొంతు!

ఆమె తన అరచేతులు చూసుకుంది.

తర్వాత నర్సింగ్ మళ్లీ రుద్ది ఆ గీతలు పోగొట్టాడు. కారు మునుపటిలాగే అయింది. కోపం తగ్గాక భార్యను షెడ్డుకి రమ్మన్నాడట. "నా చేతుల మట్టి ఉంటది, నేను రాను" అందట. అతను నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆమె మళ్లీ ఏ కారునూ ముట్టుకోలేదు.

ఇప్పటికీ పెళ్లిళ్లలో కలుస్తాం. "అన్నా, మంచిగున్నరా?" అంటుంది. ఒకట్రెండుసార్లు చెప్పబోయి, పిల్లల చదువుల సంగతి అడిగి తప్పుకున్నాను. ఏమంటుందోనని భయమా? ఏమీ అనకుండా ఊరుకుంటుందనా?

సిగ్గుచేటైన మాట ఇంకొకటి. ఆ మెరుపు తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు పులకరిస్తుంది. ఇది రాస్తుంటే కూడా.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. కానీ ఆ గుడ్డను చూస్తూ చూస్తూ ఇచ్చానని ఇప్పుడే మొదటిసారి పైకి అని చూశాను, గదిలో ఒక్కణ్ణే, నా సొంత గొంతుతో. ఎంత సులువుగా వచ్చేసిందండీ ఆ మాట!