“వచ్చిన” అన్న నీలడేగ

ఏడో తరగతిలో ఉండగా మహబూబన్న తల మీంచి కిరీటం తీసేశారు. బడి నాటకంలో ఆయనది రాజు వేషం. కత్తి పట్టుకుని ముందుకు దూకి “ప్రజలారా, నేను వచ్చాను” అనాలి. ఎన్నిసార్లు అన్నా నోట “నేనొచ్చిన” అనే వచ్చేది. రాజులు అట్లా మాట్లాడరన్నాడు పంతులు. కిరీటం ఇంకొకడికి పెట్టి, ఈయనకు దొంగ వేషం ఇచ్చాడు. దొంగకైతే ఆ మాట సరిపోతుందట. క్లాసంతా నవ్వింది.

అప్పటి నుంచి ఆయన పదిమందిలో నోరు విప్పలేదు. నిఖాలో ఖాజీ అడిగినప్పుడు ‘కుబూల్’ అన్నాడో లేదో ఇప్పటికీ అనుమానమేనని భార్య అజీజున్నీసా ఆటపట్టిస్తుంది.

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఆయన టైలరు దుకాణం. ఎప్పుడూ పెదవుల మధ్య గుండుసూదులుంటాయి కనుక పలకరిస్తే తలూపుతాడు, అంతే. చదువు ఆగిపోయిన నేను పాత పుస్తకాలు తెచ్చుకుని అక్కడి బెంచీ మీదే చదువుకునేవాణ్ణి.

రెక్కల వీరుడి కథైన ‘నీలడేగ’ సినిమాకు ఆయన్ను నేనే లాక్కెళ్లాను, ఆశ పెట్టుకుని కాదు. తెర మీద మా యాస వినబడితే అక్కడ రౌడీయో తాగుబోతో ఉన్నట్టే. రెక్కలున్నవాళ్లది వేరే భాష. ఇదీ అంతేననుకున్నాను.

తెర మీద వంతెన అంచున బస్సు వేలాడుతోంది. లోపల ముసలవ్వ “ఎవరు బిడ్డా?” అంది. నీలడేగ రెక్కలు ముడిచాడు.

“నేనే అవ్వా. వచ్చిన. ఫికర్ జెయ్యకు.”

హాలంతా ఈలలు. పక్కకు చూస్తే మహబూబన్న లేచి నిలబడి ఉన్నాడు. వెనకవాళ్లు కూర్చోమని అరుస్తున్నా ఆయనకు వినబడలేదు. తెర మీది నీలి వెలుగంతా ఆయన మొహం మీదే ఉంది. నాకూ ఒళ్లు జలదరించింది. దేన్నీ నమ్మని నాకు అది ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ మాట ఊరంతా పాకింది. మంచాల ఊరికి పోయే బస్సు కండక్టరు అదే అంటాడు, కొంగరకలాన్ ఫ్యాక్టరీకి పోయే పిల్లలు ఫోనులో అదే అంటారు.

సినిమా యాభయ్యో రోజున థియేటరు ముందు ఒకరు డేగ వేషంలో నిలబడి మైకులో ఆ మాట చెప్పాలని అభిమానులు అనుకున్నారు. వేషం వేసేది పెద్ద అంబర్‌పేట్‌లో ఉండే అవినాష్. వాళ్లది భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. కుట్టేది మహబూబన్న.

కొలత చూసేరోజు అవినాష్ రెక్కలు విప్పి గర్జించాడు. “నేనే అవ్వా! వచ్చినాను!”

“డేగవా, హరికథ చెప్పెటోనివారా?” అన్నాడు అభిమాన సంఘం పెద్ద జంగా.

“మరెలా అనాలి అన్నయ్యా? వచ్చితినీ?”

“నీకు దండం పెడ్త. నోరు మూస్కొని రెక్కలూపు.”

మోకాళ్ల మీద కూర్చుని అంచు మడుస్తున్న మహబూబన్న, నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“వచ్చిన,” అన్నాడు. “ఎనకాల ఏం తోకలుండయి. వచ్చిన. గంతే.”

ఎవరూ నవ్వలేదు. అంత లోతైన గొంతు ఆయనలో ఉందని మాలో ఎవరికీ తెలియదు.

“నేను రెక్కలు ఊపుతాను,” అన్నాడు అవినాష్ మెల్లగా. “మాట మీరు చెప్పండి మహబూబ్ గారూ.”

“నేనా? మైకులనా? మల్ల నవ్వితే?”

“నవ్వినోన్ని నేను జూస్కుంట,” అన్నాడు జంగా.

యాభయ్యో రోజున కటౌటు వెనక మైకు పట్టుకుని, మెడలో టేపుతో ఆయన నిలబడ్డాడు. ముందు అవినాష్ రెక్కలు చాపి ఎదురుచూస్తున్నాడు. మాట రాదు. జనం గొణగడం మొదలుపెట్టారు. గుంపులోంచి అజీజున్నీసా గట్టిగా అడిగింది. “ఎవరు బిడ్డా?”

“నేనే అవ్వా,” అంది మైకు. “వచ్చిన.”

మిగతా మాట జనమే పూర్తిచేశారు, బస్టాండు దాకా వినబడేలా. అవినాష్ పక్కకు జరిగి ఆయన్ను ముందుకు లాగాడు. రెక్కలు లేని ఆ మనిషిని చూసి ఈలలు ఇంకా పెరిగాయి.

మొన్న దుకాణంలో కలిసినప్పుడు నేనే పుల్లవిరుపుగా అన్నాను. “రెండో భాగంల మల్ల ‘వచ్చాను’ అనిపిస్తరు, చూడన్నా. సిన్మావోళ్లను నమ్మొద్దు.”

ఆయన కత్తెర ఆపాడు. పెదవుల మధ్య సూదులు లేవు.

“అంటే అననీ తమ్మీ. మైకు యాడుంటదో నాకెరుకే గద.”